లూసీ బొమ్మకు కుడి సగం

భార్య ఒంటి మీద సుందర్ రాజ్ మొదటిసారి గంధకం వాసన పసిగట్టిన రోజున ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు ఇంకా కరగలేదు. లూసీ పొయ్యి దగ్గర నిలబడి కూర కలుపుతోంది. ఆమెకు కుడిపక్కన ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడితే గుప్పుమంది, అగ్గిపుల్ల గీసి ఆర్పేసినట్టు. అతనికి అది కొత్త వాసన కాదు. కార్ల కంపెనీ డిజైన్ స్టూడియోలో పదేళ్లు రోజూ పీల్చిందే. కార్ల నమూనాలు చెయ్యడానికి వాడే గోధుమరంగు మట్టిది. ఆ మట్టి ఈ వీధిలో ఒక్కరి దగ్గరే ఉంది. పక్కింటి ముసలాయన ఆర్వో కాస్క్ దగ్గర.

"ఎక్కడికెళ్లావ్?" అన్నాడు.

లూసీ పలకలేదు. గరిటె తిప్పుతూనే ఉంది.

రెండోసారి అరిచినంత పని చేశాక ఉలిక్కిపడి, తల కాస్త పక్కకి వాల్చి, "ఏంటండీ?" అంది. ఆ తల వాల్చడం ఉంది చూశారూ, దాంతోనే సుందర్ రాజ్‌కి ఒళ్లు మండేది. పెళ్లయి పదమూడేళ్లయింది, అప్పట్నుంచీ అంతే. మొదటి పిలుపుకు పలకదు. రెండో పిలుపుకు మహారాణిలా తల వంచి చిత్తగిస్తుంది. బాపట్లలో వాళ్ల నాన్న స్కూలు హెడ్మాస్టరు కాబట్టి ఆ పొగరు అక్కణ్నుంచి వచ్చిందని అతను ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

"కాస్క్ గారింటికండీ. నా తల బొమ్మ చేస్తారంట, మట్టితో."

"నీ తలా? దేనికి?"

"ఏమో. చెయ్యాలనిపించిందన్నారు," అని నవ్వింది లూసీ. ఆ నవ్వు ఇంట్లో కనిపించి చాలా రోజులైంది. అది పక్కింట్లో దొరికిందన్నమాట.

పని లేని మనిషి మనసు ఊరికే కూర్చోదు కదా. 2009 జనవరిలో కంపెనీ సగం స్టూడియోను ఇంటికి పంపేసింది. ఆ సగంలో సుందర్ రాజ్ కూడా ఉన్నాడు. లీజు కారు తిరిగి ఇచ్చేశాడు. మిగిలిన ఒక్క కారూ లూసీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ పనికి తీసుకెళ్తుంది. పెట్రోలు కూడా చూసి వాడుకోవాల్సి రావడంతో ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ సరదాగా ఎటో డ్రైవ్ చేసుకుంటూ పోవడం ఆగిపోయింది. దానితో పాటే లూసీ కబుర్లూ ఆగిపోయాయి. చిత్రమేమిటంటే ఇంట్లో నోరు విప్పని ఆ మనిషి కారెక్కితే చాలు, గలగలా మాట్లాడేది. చిన్నప్పటి ఊసులు, చర్చిలో క్వయర్ గొడవలు, కూతురు క్రిస్టీ టీచర్ సంగతులు, ఒకటా రెండా. షికారు పిచ్చి అనుకునేవాడు. అదే బాపట్ల వెళ్లినప్పుడు లూసీ తమ్ముడి కారు తను నడుపుతుంటే, పక్క సీట్లో మూగనోము పట్టినట్టు కూర్చునేది. పుట్టింటి ఊళ్లో బెట్టు చూపిస్తోందని అప్పుడు కూడా కుళ్లుకున్నాడు.

పక్కింటి ముసలాయన సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. కాస్క్‌ది ఎస్తోనియా. సారెమా అనే దీవిలో సమాధిరాళ్లు చెక్కే ఇంట్లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో రష్యా సైన్యం మళ్లీ వస్తోందని తెలిసి, పద్నాలుగేళ్ల వయసులో తండ్రితో కలిసి చేపల పడవలో స్వీడన్‌కి పారిపోయాడు. ఉలుల సంచి వెంట తెచ్చుకున్నారు. చెక్కడానికి పెట్టుకున్న రాళ్లు పెరట్లోనే ఉండిపోయాయి. అక్కణ్నుంచి డెట్రాయిట్ వచ్చి, పగలు ఫ్యాక్టరీలో చేసి, సాయంత్రాలు శిల్పం నేర్చుకున్నాడు. రాతి బొమ్మలు చెక్కి బతుకుదామని ఆశ. ఒక చిన్న ఊళ్లో లైబ్రరీ ముందు, వల భుజాన వేసుకున్న ఆడమనిషి విగ్రహం ఆయనది పెట్టారు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. పెళ్లయింది. ఇల్లు గడవాలి. కార్ల కంపెనీలో మట్టితో నమూనాలు చేసే పనికి కుదిరాడు.

ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే. ఆయన చేతులు దిద్దిన బానెట్లూ తలుపులూ దేశమంతా పరుగులు తీశాయి. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. సోవియట్ రాజ్యం కూలాక ఒకసారి దీవికి వెళ్లొచ్చాడు. తండ్రి చెక్కిన రాళ్లు నాచు పట్టినా నిలబడే ఉన్నాయట. అక్కడి శిల్పులు ఈయన్ని కార్లాయన అన్నారట. ఇక్కడి కార్ల వాళ్లేమో శిల్పిగారొచ్చారు అని వెక్కిరించేవాళ్లు. రెండు చోట్లా పరాయివాడే. రిటైరై, భార్య లీండా పోయాక, గరాజ్‌లో పాత ఓవెన్ ఒకటి పెట్టుకుని అందులో మట్టి వెచ్చబెట్టుకుంటూ తలలు చేసుకోవడం మొదలుపెట్టాడు. లీండా తల, తండ్రి తల, పోస్ట్ తెచ్చే మనిషి తల.

సుందర్ రాజ్‌కి ఆయన మీద అసూయ లూసీతో మొదలవలేదు. దానికి వేళ్లు పాతవి. అతను స్టూడియోలో చేరేసరికి కాస్క్ రిటైరైపోయాడు. కానీ పేరు మాత్రం రిటైరవలేదు. సుందర్ రాజ్ కారు పైపొరను కంప్యూటర్‌లో వారం పాటు తీర్చి, ఎక్కడా మచ్చ లేదని చూపిస్తే, పాతవాళ్లు పెదవి విరిచి, "కాస్క్ అరచెయ్యి పెట్టి చూసుంటే చెప్పేవాడు," అనేవాళ్లు. ఏం చెప్పేవాడో ఎవరికీ తెలియదు. చెప్పేవాడు, అంతే. తీరా ఇల్లు కొనుక్కుని చూస్తే పక్కింటి పోస్ట్‌బాక్స్ మీద అదే పేరు. ఆ చెయ్యే ఇప్పుడు తన భార్య ముఖాన్ని కొలుస్తోంది.

ఏప్రిల్ వచ్చింది. గరాజ్ తలుపు తెరిచి పని చేస్తున్నారు. సుందర్ రాజ్ వంటింటి కిటికీ దగ్గర కాఫీ కప్పుతో స్థిరపడ్డాడు. అప్లికేషన్లు పంపే లాప్‌టాప్ కూడా అక్కడికే తెచ్చుకున్నాడు, పని చేస్తున్నట్టు ఉంటుందని. లూసీ స్టూలు మీద కూర్చుంటుంది. ముసలాయన చూస్తాడు. మట్టి పెట్టడం తక్కువ, చూడడమే ఎక్కువ. ఎంతసేపు చూస్తాడంటే, సుందర్ రాజ్ తన పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు. మధ్యలో ఆమె ఏదో చెబితే, గాలి లోపలికి పీల్చుకుంటూ "యా" అంటాడు. ఆ దీవి వాళ్ల అలవాటట.

ఒకరోజు కాస్క్ ఆమె కుడివైపు నిలబడి, వంకర కాళ్ల కొలబద్దతో దవడ కొలుస్తున్నాడు. కొలిచి ఆగాడు. కర్ర ఆనించుకుంటూ స్టూలు చుట్టూ నడిచి, ఆమె ఎడమపక్కకు వచ్చి, వంగి ఏదో అన్నాడు. లూసీ వెంటనే నవ్వింది. ఆయన మళ్లీ అంత దూరమూ నడిచి కుడివైపుకు వెళ్లాడు. మరి కాసేపటికి మళ్లీ అదే తంతు.

సుందర్ రాజ్ కాఫీ కప్పు ఠపీమని కింద పెట్టాడు. ఒక్క ముక్క చెప్పడానికి ఇంత ప్రదక్షిణ దేనికి? నిలబడిన చోటు నుంచి చెప్పకూడదా? దగ్గరికొచ్చి చెవిలో ఊదాల్సిన రహస్యాలా? తను రెండుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి, ఆయన నోరు కదిపితే చాలు తిరుగుతోంది!

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు. "ఆ ముసలాడు నీతో ఏం మాట్లాడతాడు అన్నిసార్లు?"

"గడ్డం పైకెత్తమంటారు. అంతేనండీ."

"గడ్డం ఎత్తమని చెప్పడానికి చుట్టూ తిరిగి రావాలా?"

లూసీ అతని ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయినట్టే అనిపించింది. "మీరు అక్కడ్నుంచి చూస్తున్నారా?" అని మాత్రం అని, చేపల పులుసు గిన్నెలోకి తీసి, పక్కింటికి పట్టుకెళ్లింది. దీవిలో పుట్టినవాడు కదా, చేపలంటే ప్రాణమట. తన ఇంటి పులుసులో ఆ దీవి వాళ్ల నల్లరొట్టె ముంచుకుని ఆయన తినడం తలుచుకుంటే సుందర్ రాజ్‌కి ఆ రాత్రి అన్నం సహించలేదు.

చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు అందరూ అతని ఉద్యోగం కోసం ప్రార్థించారు. అతను మాత్రం కళ్లు మూసుకుని, పక్కింటి గరాజ్ తలుపు మూతపడాలని కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు తర్వాత భయపడ్డాడు. ఎందుకంటే మే నెలలో అది మూతపడింది. కాస్క్‌కి పక్షవాతం వచ్చింది.

ఆసుపత్రి నుంచి ఆయన చక్రాల కుర్చీలో తిరిగొచ్చాడు. మాట నెమ్మదిగా వస్తోంది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంది, వేరే ఎవరిదో తెచ్చి అక్కడ పెట్టినట్టు. లూసీ ఏడ్చింది. సుందర్ రాజ్ కూడా పలకరించడానికి వెళ్లాడు. వెళ్లి, మొదటిసారి ఆ బొమ్మను దగ్గరగా చూశాడు.

ఎడమ సగం పూర్తయింది. ఆ సగంలో లూసీ ఉంది. కనురెప్ప మీది మడత, పెదవి చివర నవ్వు మొదలయ్యే చోటు, అంతా లూసీయే. కుడి సగం మాత్రం ముద్దగా, మట్టి పలకలు అతికించి వదిలేసినట్టు ఉంది.

ఎందుకలా వదిలాడో సుందర్ రాజ్‌కి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్ల పనిలో అదే పద్ధతి. మట్టితో ముందు ఒక సగమే చేస్తారు. నడుమ నిలువుటద్దం నిలబెడితే, కారు మొత్తం ఉన్నట్టే కనిపిస్తుంది. పెద్దలకు నచ్చాక, ఈ వైపు కొలతలే ఆ వైపుకు దింపుతారు. ముప్పై ఏళ్ల ఆ అలవాటు ముసలాయన చేతిని వదల్లేదు.

"ఇక ఇది ఇంతే," అన్నాడు కాస్క్ ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

అప్పుడు సుందర్ రాజ్ బుర్రలో ఒక దీపం వెలిగింది. దాన్ని దీపం అనడం మర్యాద కోసం. నిజానికి అది కళ్లల్లో పోసుకున్న నిప్పే. ఈయన ఆపేసిన పనిని తను పూర్తి చేస్తాడు. నెలల తరబడి చూసి చూసి సగం చేశాడు కదా ఈ మహానుభావుడు? మిగతా సగం తను ఒక్క రోజులో చేసి చూపిస్తాడు. లూసీ చూడాలి. ఆ నవ్వు తనింటికి తిరిగి రావాలి.

చర్చి స్నేహితుడు సైలస్ నమూనాలు చెక్కే షాపులో పనిచేస్తాడు. అక్కడ స్కానర్ ఉంది, మట్టి దిమ్మను కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషీన్ ఉంది.

"సిస్టర్‌కి సర్‌ప్రైజా బ్రదర్?" అన్నాడు సైలస్.

"అలాంటిదే. స్కానర్ వీకెండ్‌కి ఇవ్వగలవా?"

కాస్క్‌ని అడిగితే, గాలి లోపలికి పీల్చి "యా" అన్నాడు. సుందర్ రాజ్ బొమ్మను స్కాన్ చేశాడు. ఎడమ సగం కంప్యూటర్‌లోకి వచ్చింది. మధ్యగీత ఎక్కడో తేల్చడం కష్టమైంది, ఎందుకంటే ముసలాయన మెడను కాస్త తిప్పి, తల ఓరగా వాల్చి పెట్టాడు. ఇదెక్కడి తలనొప్పి అనుకుని సుందర్ రాజ్ మెడ సరిచేసి, తల నిటారుగా నిలబెట్టాడు. ఇక మీట నొక్కితే ఎడమ కుడి అయిపోయింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పొగరు వంపు కూడా పోయిందని లోపల్లోపల సంతోషించాడు. శనివారం మెషీన్ చెక్కింది. తను స్వయంగా నున్నగా తోమి, దుప్పటి కప్పి, ఆదివారం ఆరాధన అయ్యాక కాస్క్ గరాజ్‌కి అందర్నీ పిలిచాడు.

అందరూ అంటే ముగ్గురే. లూసీ, క్రిస్టీ, చక్రాల కుర్చీలో కాస్క్. పాత బొమ్మ పక్కనే కొత్తది పెట్టి దుప్పటి లాగాడు.

లూసీ ముందుకొచ్చి చూసింది, వెనక్కి జరిగి చూసింది. పదకొండేళ్ల క్రిస్టీకి మర్యాదలు తక్కువ. "డాడీ, ఇది మమ్మీ కాదు. ఎయిర్‌పోర్ట్‌లో అనౌన్స్ చేసే ఆంటీ," అంది.

"ఊరుకో," అన్నాడు సుందర్ రాజ్. కానీ అతనికీ కనబడింది. కళ్లు రెండూ ఒకేలా, పెదవి రెండు చివర్లా ఒకేలా. తల నిటారుగా ఎవరి వైపూ కాకుండా చూస్తోంది. వెయ్యి కొలతలు కరెక్టు. మనిషి లేదు. పక్కనున్న సగం బొమ్మలో ఉంది, ఈ నిండు బొమ్మలో లేదు.

అవమానంతో అతని ముఖం ఎర్రబడింది. "మెడ నేనే స్ట్రెయిట్ చేశాను," అని కాస్క్‌తో అన్నాడు, సంజాయిషీలా. "ఆవిడ తల అలా వంకరగా పెట్టుకోవడం ఒక బ్యాడ్ హ్యాబిట్. కాస్త పొగరు."

కాస్క్ అతన్ని చాలాసేపు చూశాడు. లూసీని ఎలా చూసేవాడో అలాగే. "పొగరు కాదు," అన్నాడు నెమ్మదిగా. "వినడం. నీ భార్యకు ఏ చెవి వినిపిస్తుంది?"

"ఏ చెవేమిటి? రెండూ."

ఆయన లూసీ వైపు చూశాడు. క్రిస్టీ కూడా తల్లి వైపే చూసింది. ఆ పిల్ల ముఖంలో ఆశ్చర్యం లేదు.

"కుడి చెవి వినపడదండీ నాకు," అంది లూసీ. "చిన్నప్పుడు గవదబిళ్లలొచ్చాయి. అప్పుడే పోయింది."

"పెళ్లికి ముందే?"

"సంబంధం తప్పిపోతుందని అమ్మ చెప్పొద్దంది. తర్వాత చెబుదామనుకున్నా. మీరే కనిపెడతారులే అని చూశా. ఒక ఏడాది చూశా, రెండేళ్లు చూశా. ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది, ఇన్నాళ్లూ దాచిందంటారని."

ఒక్కసారిగా పదమూడేళ్లు అతని కళ్లముందు తిరగబడ్డాయి. ఫ్రిజ్ పక్కన నిలబడి పిలిచిన పిలుపులు. మంచంలో కుడిపక్క నుంచి చెప్పిన మాటలు, జవాబు రాలేదని అలిగి అటు తిరిగి పడుకున్న రోజులు. బాపట్లలో కారు. అక్కడ స్టీరింగ్ కుడివైపు, లూసీ ఎడమ సీట్లో, అతని వైపు ఆ చెవిటి చెవి. ఇక్కడైతే స్టీరింగ్ ఎడమవైపు. లూసీ కుడి సీట్లో కూర్చుంటే మంచి చెవి అతని వైపు ఉంటుంది. షికారు పిచ్చి కాదు. మొగుడి మాట తేలిగ్గా వినబడే చోటు ఈ దేశంలో ఆమెకు అదొక్కటే. ఆ షికార్లు ఆగిపోయిన నెలలోనే ఆమె పక్కింటి గరాజ్‌కి వెళ్లడం మొదలుపెట్టింది.

ఇంత తెలిశాక కూడా ముందు అతని నోట్లోంచి వచ్చింది అసూయే. ఏం చెయ్యగలడు, అప్పటిదాకా కడుపులో పెంచింది దాన్నే. "నాకు చెప్పలేదు. ఆయనకి మాత్రం చెప్పావ్!"

"చెప్పలేదండీ," అంది లూసీ. "మొదటి రోజు కుడివైపు నిలబడి ఏదో అడిగారు. నేను పలకలేదు. ఆయన చుట్టూ తిరిగి ఈ పక్కకొచ్చి మళ్లీ అడిగారు. అంతే. ఆ రోజు నుంచీ ఏ మాట చెప్పాలన్నా ఈ పక్కకే వచ్చారు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు."

సుందర్ రాజ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె ఏడవలేదు, నిష్ఠూరమాడలేదు. అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది. ఆ ముసలాయన దగ్గర ఓడిపోయాడు, అదీ శిల్పంలో కాదు.

కాస్క్ ఎడమచేత్తో బల్ల మీద ఉన్న పళ్ల బద్దను, మట్టి గీకే పనిముట్టును, అతని వైపు నెట్టాడు. "నేను ముప్పై ఏళ్లు సగాలే చేశాను," అన్నాడు. "రెండో సగం అద్దంలో ఉందనేవాళ్లు. మనిషికి అలా ఉండదు. అటువైపు కూర్చుని చూడు."

ఆ వేసవి అంతా అతను లూసీకి కుడివైపు కూర్చున్నాడు. ఓవెన్‌లో వెచ్చబెట్టిన మట్టి కొద్దికొద్దిగా పెడుతూ, కాస్క్ చెప్పినట్టు గీకుతూ. ఆ వైపు కనుబొమ్మ కాస్త కిందకి ఉంటుందని అప్పుడే తెలిసింది. చెంప మీద చిన్న పుట్టుమచ్చ. కారు నడిపేవాడికి ఎడమ చెంపే కనబడుతుంది, చర్చిలో ఆడవాళ్ల వరుసలు వేరు, మంచంలో ఆ పక్కన చేరేది దీపం ఆర్పాక. పదమూడేళ్ల కాపురంలో ఈ ముఖాన్ని ఎప్పుడు చూశాడని? ఏదైనా చెప్పాలంటే లేచి, స్టూలు చుట్టూ తిరిగి, ఎడమపక్కకు వచ్చి చెప్పేవాడు. మొదట్లో సిగ్గుగా ఉండేది.

కుడి సగం బాగా కుదరలేదు. ఎంత కష్టపడినా అది మట్టి కొత్తగా పట్టినవాడి పనిలాగే ఉంది. హాల్లో బొమ్మను చూసినవాళ్లు, "ఇటువైపు ఎంత బాగుందో!" అని కాస్క్ సగాన్నే మెచ్చుకుంటారు. అలా అన్న ప్రతిసారీ సుందర్ రాజ్‌కి మంట. మెషీన్ చెక్కిన బొమ్మను కరిగించి ఆ మట్టి కాస్క్ ఓవెన్‌లోకే పంపించేశాడు.

మరుసటి ఏడాది అతనికి ఉద్యోగం దొరికింది, కారూ వచ్చింది. ఆ పై శీతాకాలంలో కాస్క్ పోయాడు. అప్పట్లో ఆ దీవి నుంచి వచ్చి ఇంకా బతికున్న ముసలివాళ్లు కొందరు సమాధి దగ్గర తమ భాషలో పాట పాడారు. లూసీకి ఆ పాట అర్థం కాకపోయినా తల వాల్చి చివరిదాకా వింది.

తిరిగి వస్తుంటే కార్‌లో మాట్లాడడం మొదలుపెట్టింది. అన్నీ కాస్క్ కబుర్లే. తండ్రి ఉలుల సంచి ఆయన దిండు కింద పెట్టుకునేవాడని, పులుసులో ముల్లు తీయకుండా నమిలేవాడని, లీండా తలను ఐదుసార్లు చేసి ఐదుసార్లూ కరిగించాడని. ఆమె ముఖం వెలిగిపోతోంది. సుందర్ రాజ్ కడుపులో పాత మంట మళ్లీ లేచింది, ఇప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన మనిషి మీద. సిగ్గులేని మంట. ఇక చాలు అని మాట మార్చబోయాడు.

అంతలో హైవే మీద తాము దిగాల్సిన ఎగ్జిట్ వచ్చింది. అక్కణ్నుంచి ఇల్లు దగ్గరే. ఇంటికెళ్తే ఆమె వంటింట్లోకి పోతుంది, ఈ కబుర్లు ఇక్కడితో ఆగిపోతాయి. ఇండికేటర్ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏవండీ, ఎగ్జిట్ దాటేశారు," అంది లూసీ.

"తెలుసు," అన్నాడు సుందర్ రాజ్. "నువ్వు చెప్పు."